భోగిమంటకు ఏవి, భోషాణానికి ఏవి: హార్డ్ డిస్కులో చోటు సంపాదించుకొనే పద్ధతి

సంక్రాంతికి ముందురోజు తెల్లవారుజామున భోగిమంట వేయడం తెలుగువారి ఆచారం. ఇంట్లో పేరుకుపోయిన విరిగిన పీటలు, చినిగిన చాపలు, పుచ్చిన కర్రలు ఆ మంటకు ఆహుతి అవుతాయి. అయితే తాతగారి చేతివ్రాతతో ఉన్న జాబులకట్టను గాని, అమ్మమ్మ పెండ్లినాటి ఛాయాచిత్రాన్ని గాని, అవి ఎంత పాతవైనా సరే, ఆ మంటలో వేసే ఇల్లాలు ఉండదు. పాతదనం వేరు, పనికిరానితనం వేరు అన్న వివేకం ఆ ఆచారంలోనే ఇమిడి ఉంది.

కంప్యూటరు దగ్గరకు వచ్చేసరికి ఈ వివేకం తరచుగా లోపిస్తుంది. డిస్కులో చోటు చాలదన్న హెచ్చరిక తెరపై కనబడగానే, పరిమాణంలో పెద్దదిగా తోచినదానినో, పేరు అర్థం కానిదానినో తీసివేయడం పరిపాటి అయింది. ఫలితంగా పోవలసినవి మిగిలిపోతాయి, మిగలవలసినవి పోతాయి. స్వదేశానికి వేలమైళ్ళ దూరంలో ఉన్న కుటుంబానికి ఈ నష్టం మరీ పెద్దది. పెద్దల కంఠస్వరం, ఊరిలోని ఇల్లు, పిల్లల అక్షరాభ్యాసం వంటివి ఇప్పుడు పెట్టెలలో గాక డిస్కులలోనే భద్రమై ఉంటున్నాయి. అందుచేత డిస్కులో చోటు ఎలా నిండుతుంది, తొలగించడమంటే నిజంగా ఏమి జరుగుతుంది, దేనిని నిర్భయంగా తొలగించవచ్చు అన్న విషయాలు ప్రతి గృహస్థుకూ తెలిసి ఉండడం మంచిది.

చోటు ఎలా నిండుతుంది?

మొట్టమొదటి హార్డ్ డిస్కు యంత్రాన్ని ఐ.బి.ఎం. సంస్థ 1956లో వెలువరించింది. 24 అంగుళాల వ్యాసం గల 50 పళ్ళేలు ఒకదానిపై ఒకటి తిరిగే ఆ యంత్రం బరువు సుమారు ఒక టన్ను. దానిలో పట్టేవి 50 లక్షల అక్షరాలు మాత్రమే. నేటి చేతిఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రం ఆ యంత్రాన్నంతటినీ దాదాపుగా నింపివేయగలదు. 2007 నాటికి ఒక టెరాబైటు, అనగా లక్షకోట్ల బైట్లు పట్టే డిస్కు గృహావసరాలకు అందుబాటులోకి వచ్చింది. అయినా చోటు చాలదన్న ఫిర్యాదు తగ్గలేదు. అటక పెద్దదైనకొద్దీ సామాను పెరుగుతుందన్నది గృహిణులందరికీ తెలిసిన సత్యమే.

ఏ సామాను ఎంత చోటు ఆక్రమిస్తుందో ఒక లెక్క వేసి చూడవచ్చు. యూనికోడ్ పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి సాధారణంగా 3 బైట్లు తీసుకొంటుంది. ‘క్రీ’ అన్న అక్షరంలో కకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం అనే నాలుగు సంకేతాలు ఉన్నాయి గనుక దానికి 12 బైట్లు కావాలి. పుటకు 1500 సంకేతాల చొప్పున 300 పుటల గ్రంథాన్ని టైపు చేస్తే మొత్తం పదమూడున్నర లక్షల బైట్లు, అనగా సుమారు 1.3 మెగాబైట్లు అవుతుంది. ఫోనుతో తీసిన ఒక ఛాయాచిత్రం 2 నుండి 5 మెగాబైట్ల వరకు ఉంటుంది. 4కె నాణ్యతతో తీసిన వీడియో నిమిషానికి సుమారు 170 మెగాబైట్లు తీసుకొంటుంది. ఒక్క నిమిషపు వీడియో నూటపాతిక గ్రంథాల చోటును ఆక్రమిస్తున్నదన్నమాట.

ఈ లెక్క నుండి తేలే నీతి ఒకటి ఉంది. చోటు కోసం ఉత్తరాలను, వ్యాసాలను, కవితలను, వంశవృక్షాలను తొలగించడం వృథా ప్రయాస. అటువంటివి వెయ్యి తొలగించినా ఒక చిన్న వీడియోకు కావలసిన చోటు కూడా మిగలదు.

కొత్త డిస్కు కొన్నవారికి కలిగే మరొక అనుమానాన్ని కూడా ఇక్కడే తీర్చుకోవచ్చు. పెట్టెపై ఒక టెరాబైటు అని ఉంటుంది, విండోస్ మాత్రం 931 గిగాబైట్లే చూపిస్తుంది. ఇందులో మోసమేమీ లేదు. తయారీదారులు గిగాబైటును వందకోట్ల బైట్లుగా లెక్కిస్తారు. విండోస్ 1024ను మూడుసార్లు హెచ్చవేయగా వచ్చే 107 కోట్ల పైచిలుకు బైట్లను ఒక గిగాబైటుగా లెక్కిస్తుంది. సేరు మారితే కొలత మారినట్లే ఇది కూడా.

తొలగించడమంటే ఏమిటి?

తొలగించు అన్న ఆజ్ఞ ఇవ్వగానే ఫైలు నశించిపోతుందని సామాన్యంగా అనుకొంటారు. జరిగేది వేరు. మొదట ఆ ఫైలు రీసైకిల్ బిన్ అనే చెత్తబుట్టలోకి చేరుతుంది. బుట్టలో ఉన్నంతకాలం అది పూర్వం ఎంత చోటు ఆక్రమించిందో ఇప్పుడూ అంతే ఆక్రమిస్తుంది. ఎన్నో ఫైళ్ళు తీసివేసినా చోటు పెరగలేదేమని విస్తుపోయేవారు బుట్టను ఖాళీ చేయడం మరచినవారే.

బుట్టను ఖాళీ చేసిన తరువాత కూడా, తిరిగే పళ్ళేలు గల హార్డ్ డిస్కులో ఫైలు వెంటనే నశించదు. గ్రంథాలయంలో ప్రతి పుస్తకానికీ ఒక సూచిక చీటీ ఉన్నట్లే, డిస్కులో ప్రతి ఫైలుకూ పట్టికలో ఒక నమోదు ఉంటుంది. కంప్యూటరు చేసేదల్లా ఆ నమోదును రద్దు చేసి, ఆ చోటు ఇక ఖాళీ అని గుర్తు పెట్టడం. పుస్తకం అరలో అలాగే ఉంటుంది. మరొక ఫైలు వచ్చి ఆ అరలో కూర్చున్నప్పుడే పాత అక్షరాలు చెరిగిపోతాయి. పొరపాటున తీసివేసిన ఫైలును ప్రత్యేక ప్రోగ్రాముల ద్వారా తిరిగి సంపాదించడానికి వీలు కలిగేది ఇందువల్లనే. పొరపాటు జరిగినదని తెలియగానే ఆ డిస్కుపై కొత్తగా ఏమీ వ్రాయకుండా కంప్యూటరును ఆపివేయాలని నిపుణులు చెప్పేదీ ఇందువల్లనే.

ఇదే లక్షణం ప్రమాదానికీ కారణం కావచ్చు. అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు సిమ్సన్ గార్ఫింకెల్, అభి శెలత్ కలసి, ఇతరులు వాడి అమ్మివేసిన 158 హార్డ్ డిస్కులను కొని పరీక్షించారు. వాటిలో చదవడానికి వీలైనవి 129. వాటిలో సరిగా శుభ్రం చేసినవి 12 మాత్రమేనని వారు 2003లో ప్రకటించారు. మిగిలినవాటిలో క్రెడిట్ కార్డు సంఖ్యలు, వైద్య సంబంధమైన వివరాలు, సొంత ఉత్తరాలు చదవడానికి వీలుగా కనిపించాయి.

కొత్త కంప్యూటర్లలో వాడే ఎస్.ఎస్.డి. స్వభావం మరొక విధంగా ఉంటుంది. ఇందులో తిరిగే పళ్ళేలు ఉండవు. సమాచారం సూక్ష్మమైన విద్యుత్కణ కోష్ఠాలలో నిలుస్తుంది. వ్రాసిన చోటునే మళ్ళీ వ్రాయాలంటే, ముందుగా కొన్ని వందల పుటలు గల ఒక పెద్ద ఖండాన్ని మొత్తంగా చెరపవలసి ఉంటుంది. అందుచేత ఫైలును తొలగించగానే, ఈ చోటు ఇక అవసరం లేదని కంప్యూటరు డిస్కుకు కబురు పెడుతుంది. ట్రిమ్ అని పిలిచే ఈ ఆజ్ఞ 2009లో వచ్చిన విండోస్ 7 నుండి వాడుకలో ఉంది. కబురు అందుకొన్న డిస్కు తీరిక చూసుకొని ఆ చోటును నిజంగానే చెరిపివేస్తుంది. పాత డిస్కులో పొరపాటును దిద్దుకోవడానికి ఉన్న వ్యవధి ఎస్.ఎస్.డి.లో దాదాపుగా ఉండదు. యంత్రం వేగవంతమైనకొద్దీ మనిషి నిదానంగా ఆలోచించవలసిన అవసరం పెరిగింది.

అడగవలసిన ఒకే ప్రశ్న

ఫైలు పెద్దదా చిన్నదా, పాతదా కొత్తదా అన్నవి తొలగింపుకు సరియైన కొలమానాలు కావు. అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఇది పోతే మళ్ళీ ఎక్కడి నుండి వస్తుంది? ఈ ప్రశ్నకు మూడు విధాలైన సమాధానాలు ఉన్నాయి. యంత్రమే తనంతట తాను మళ్ళీ తయారు చేసుకొనేవి కొన్ని. బయటి నుండి మళ్ళీ తెచ్చుకోగలిగినవి కొన్ని. ఎక్కడి నుండీ రానివి కొన్ని. మొదటివాటిని నిస్సంకోచంగా భోగిమంటలో వేయవచ్చు. రెండవవాటిని ఆలోచించి వేయాలి. మూడవవి భోషాణంలో ఉండవలసినవి.

మొదటి తరగతిలో ముఖ్యమైనవి తాత్కాలిక ఫైళ్ళు. ప్రోగ్రాములు పని చేస్తున్నప్పుడు చిత్తు కాగితాల వంటి ఫైళ్ళను సృష్టించుకొని, పని ముగిసిన తరువాత వాటిని తీసివేయడం మరచిపోతూ ఉంటాయి. వెబ్ పుటలను చూపే బ్రౌజరు కూడా ఒకసారి చూసిన బొమ్మలను మళ్ళీ దిగుమతి చేసుకొనే శ్రమ లేకుండా దాచుకొంటుంది. వీటిని తీసివేస్తే వచ్చే నష్టమల్లా ఆ పుటలు మొదటిసారి కొంచెం నిదానంగా తెరుచుకోవడం. విండోస్‌ను కొత్త సంచికకు మార్చినప్పుడు పాత సంచికను విండోస్.ఓల్డ్ అనే ఫోల్డరులో దాచి ఉంచుతుంది. ఇది అనేక గిగాబైట్లు ఉండవచ్చు. కొత్తది నచ్చకపోతే వెనుకకు మరలడానికి పది రోజుల గడువు ఉంటుంది. ఆ గడువు తరువాత విండోస్ దానిని తానే తీసివేస్తుంది.

ఈ పనులన్నిటికీ విండోస్‌లోనే సాధనాలున్నాయి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ అన్న విభాగాన్ని తెరిస్తే ఏ రకపు ఫైళ్ళు ఎంత చోటు తీసుకొన్నవో కనిపిస్తుంది. అక్కడే తాత్కాలిక ఫైళ్ళను తొలగించే సదుపాయం, ఆ పనిని నియమిత కాలానికి ఒకసారి దానంతట అదే జరిపించే స్టోరేజ్ సెన్స్ అనే సదుపాయం ఉన్నాయి. మాక్ కంప్యూటర్లలో సిస్టమ్ సెట్టింగ్స్‌లోని జనరల్ విభాగంలో స్టోరేజ్ అన్నచోట ఇటువంటిదే కనిపిస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. విండోస్ చూపే తొలగింపు జాబితాలో డౌన్‌లోడ్స్ అన్న పేరు కూడా ఉంటుంది. దిగుమతి చేసుకొన్న పన్నుపత్రాలు, బంధువులు పంపిన ఛాయాచిత్రాలు, వీసా కాగితాలు చాలామంది ఇళ్ళలో ఆ ఫోల్డరులోనే పడి ఉంటాయి. దానికి ఎదురుగా గుర్తు పెట్టేముందు లోపల ఏమున్నదో చూడవలసి ఉంటుంది.

పడుకోబెట్టిన కంప్యూటరు లేవగానే పూర్వస్థితి నుండి పని కొనసాగించడానికి విండోస్ ఒక హైబర్నేషన్ ఫైలును ఉంచుకొంటుంది. దాని పరిమాణం మామూలుగా కంప్యూటరు స్మృతిలో 40 శాతం. స్మృతి 16 గిగాబైట్లు అయితే ఆ ఫైలు ఆరు గిగాబైట్లు దాటుతుంది. ఆ సదుపాయం అవసరం లేనివారు దానిని ఆపివేస్తే ఫైలు తానే మాయమవుతుంది. ఫైలును చేతితో తీసివేయబూనడం సరికాదు.

రెండవ తరగతిలోనివి ప్రోగ్రాములు, ఆటలు, అద్దెకు తీసుకొని దిగుమతి చేసుకొన్న చలనచిత్రాలు, ప్రోగ్రాములను స్థాపించడానికి తెచ్చుకొన్న ఫైళ్ళు. వాడని ప్రోగ్రామును దాని ఫోల్డరు చెరిపి తీసివేయకూడదు. చెట్టును కొట్టినా వేళ్ళు మిగిలినట్లు, దాని భాగాలు ఇతర ఫోల్డర్లలో మిగిలిపోతాయి. అన్‌ఇన్‌స్టాల్ అనే సదుపాయం ద్వారానే తీసివేయాలి. ఇక్కడ వేసుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది. దానిని తయారుచేసిన సంస్థ ఇంకా ఉందా? సంస్థ మూతపడితే ఆ ప్రోగ్రాము మళ్ళీ దొరకదు. అప్పుడది రెండవ తరగతి నుండి మూడవ తరగతికి మారిపోతుంది.

మూడవ తరగతిలోనివి మనిషి చేసినవి: ఛాయాచిత్రాలు, వీడియోలు, ధ్వనిముద్రణలు, వ్రాతలు, లెక్కలు, ఉత్తరాలు. వీటిలోనూ పనికిరానివి ఉంటాయి. జేబులో ఉండగా పొరపాటున తీసిన చీకటి వీడియో ఎవరికీ అక్కరలేదు. అయితే ఆ నిర్ణయం చేయవలసినది మనిషే గాని యంత్రం కాదు. కొందరి కంప్యూటర్లలో ఐఫోను బ్యాకప్ అనే పెద్ద ఫోల్డరు కనిపిస్తుంది. ఆ ఫోను ఎప్పుడో పోయింది గదా అని దానిని తొలగించబోయే ముందు ఒక్క క్షణం ఆగాలి. అది కీర్తిశేషులైన పెద్దలు వాడిన ఫోను అయితే, వారి మాటలు, వారు పంపిన సందేశాలు మిగిలి ఉన్న ఏకైక స్థానం అదే కావచ్చు.

చోటు కోసం అపురూపమైనదానిని పోగొట్టుకొనడం సామాన్యులకే పరిమితం కాదు. 1969లో మానవుడు చంద్రునిపై అడుగుపెట్టిన దృశ్యాలను భూమిపైని కేంద్రాలు నేరుగా అందుకొని అయస్కాంతపు టేపులపై ముద్రించాయి. ప్రజలు టెలివిజనులో చూసినది వాటిని మార్చగా వచ్చిన, స్పష్టత తగ్గిన రూపం. మూలమైన టేపుల కోసం చాలాకాలం వెదకిన అనంతరం, అవి తరువాతి సంవత్సరాలలో టేపుల కొరత కారణంగా చెరిపివేయబడి, మళ్ళీ వాడబడి ఉంటాయని నాసా 2009లో తేల్చింది. ఆనాడు టేపు విలువ కనబడింది, దానిపై ఉన్నదాని విలువ కనబడలేదు.

పేరు తెలియనంత మాత్రాన పనికిరానిది కాదు

విండోస్ ఫోల్డరులో అర్థం కాని పేర్లు గల ఫైళ్ళు వేలకొలది ఉంటాయి. వాటి జోలికి పోకూడదు. 2002లో ఒక ఉత్తరం ఈమెయిలు ద్వారా ప్రపంచమంతటా తిరిగింది. జేడీబీజీఎంజీఆర్ అన్న పేరుతో, ఎలుగుబంటి బొమ్మతో ఉన్న ఫైలు వైరస్ అనీ, దానిని వెంటనే తొలగించి, తెలిసినవారందరికీ ఈ వార్త చేరవేయమనీ అందులో ఉంది. వెదకినవారికి ఆ ఫైలు నిజంగానే కనిపించింది, ఎందుకనగా అది విండోస్‌లో సహజంగా ఉండే ఫైలే! దానికి ముందు 2001లో మరొక ఫైలు గురించి ఇటువంటి పుకారే పుట్టింది. ఇక్కడ వైరస్ ఏదీ లేదు. మంచి మనసుతో ఇతరులను హెచ్చరించినవారే దాని పనిని చేసిపెట్టారు. బంధుమిత్రుల వాట్సాప్ బృందాలలో నేడు తిరిగే సలహాలను కూడా ఈ దృష్టితోనే చూడవలసి ఉంటుంది.

నిపుణులు వ్రాసిన ప్రోగ్రాములు కూడా పనికిరానిదేదో గుర్తించడంలో పొరబడతాయి. 2018 అక్టోబరు 2న మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన విండోస్ 10 కొత్త సంచికలో, ఇక అవసరం లేని ఖాళీ ఫోల్డర్లను తొలగించే ఏర్పాటు ఉంది. తమ డాక్యుమెంట్ల ఫోల్డరును వేరొక చోటికి మార్చుకొన్న కొందరికి పాతచోట కూడా కొన్ని ఫైళ్ళు మిగిలి ఉన్నాయి. కొత్త సంచిక ఆ పాత ఫోల్డరును ఖాళీదిగా భావించి, లోపలి ఫైళ్ళతో సహా తీసివేసింది. ఫిర్యాదులు రాగానే సంస్థ పంపిణీని నిలిపివేసి, సరిదిద్ది, నవంబరులో మళ్ళీ విడుదల చేసింది. ఇటువంటి మార్పులకు ముందు నకలు తీసుకొనడం ఎందుకవసరమో ఈ ఉదంతం చెబుతుంది.

పాత తెలుగు ఫాంట్ల చిక్కు

తెలుగువారి ఇళ్ళలో ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటి ఉంది. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగుకు స్థానం లభించినా, గౌతమి ఫాంటుతో విండోస్ ఎక్స్‌పీ 2001లో వచ్చేవరకు సామాన్యుల కంప్యూటర్లలో దాని వాడుక వ్యాపించలేదు. అంతకు ముందు, ఆ తరువాత కూడా కొంతకాలం, తెలుగు టైపు చేయడానికి వేరొక ఉపాయం ఉండేది. ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు అక్షరాల తునకలను అమర్చిన ఫాంట్లను తయారుచేశారు. కంప్యూటరు దృష్టిలో ఆ ఫైలులో ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలే. ఆ ఫాంటు అనే కళ్ళజోడు పెట్టి చూస్తేనే అవి తెలుగుగా కనిపిస్తాయి.

ఆ ఫాంటు ఫైలు ఎంతో చిన్నది. ఎన్నడూ పేరు వినని ఈ ఫైలు ఎందుకని ఎవరైనా దానిని తీసివేస్తే, ఆ ఫాంటుతో వ్రాసిన కథలు, పెండ్లిపత్రికలు, సంఘాల సంచికలు అన్నీ ఒక్కసారిగా అర్థం లేని ఇంగ్లీషు గుర్తుల వరుసలుగా మారిపోతాయి. అప్పుడు వాటిని చూసిన పిల్లలు ఇవేవో పాడైపోయిన ఫైళ్ళు అనుకొని వాటిని కూడా తొలగిస్తారు. ఒక చిన్న తప్పు రెండవ పెద్ద తప్పుకు దారితీస్తుంది. అందుచేత పాత తెలుగు ఫైళ్ళు ఉన్నవారు ముందుగా ఆ ఫాంట్లను ఆ ఫైళ్ళతోపాటు ఒకేచోట భద్రపరచాలి. పిమ్మట ఆ ఫైళ్ళను పీడీఎఫ్ రూపంలోకి మార్చుకొంటే, ఫాంటు అందులోనే ఇమిడిపోయి ఏ కంప్యూటరులోనైనా తెలుగుగా కనిపిస్తాయి. అంతకంటె మేలైన మార్గం తగిన పరివర్తక ప్రోగ్రాముతో యూనికోడ్‌లోకి మార్చుకొనడం. అప్పుడు వెదకడానికి, దిద్దడానికి కూడా వీలుంటుంది.

నకళ్ళను ఏరివేయడం

చోటు సంపాదించడానికి ఉత్తమమైన, నష్టం తక్కువైన మార్గం నకళ్ళను తగ్గించడం. ఫోను మార్చినప్పుడల్లా పాత ఛాయాచిత్రాలన్నిటినీ మళ్ళీ కంప్యూటరుకు ఎక్కించడంతో ఒకే చిత్రం మూడు నాలుగు చోట్ల ఉండడం సాధారణం. నకళ్ళను పట్టే ప్రోగ్రాములు ప్రతి ఫైలు నుండి గణితపద్ధతిలో ఒక వేలిముద్ర వంటి సంఖ్యను తయారుచేస్తాయి. పేర్లు వేరైనా ఆ సంఖ్యలు ఒకటే అయితే ఆ ఫైళ్ళు అక్షరాలా ఒకటే. అటువంటివాటిలో ఒకదానిని ఉంచి మిగిలినవి తీసివేయవచ్చు. అయితే చూడడానికి ఒకేలా ఉన్న చిత్రాలు అన్నీ నకళ్ళు కావు. వాట్సాప్ సాధారణంగా చిత్రాన్ని కుదించి పంపుతుంది. చిన్న తెరపై రెండూ ఒకటిగానే తోస్తాయి. గోడకు వ్రేలాడదీయడానికి పెద్దదిగా ముద్రింపదలచినప్పుడు తేడా బయటపడుతుంది. మూలాన్ని ఉంచి, కుదించినదానిని తీసివేయాలి.

ఇక ప్రతి ఉదయమూ పూలతో, సూక్తులతో వచ్చే శుభోదయ చిత్రాల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. భారతదేశంలో వీటివల్ల ఫోనులు నిండిపోతున్న సంగతిని గమనించిన గూగుల్ సంస్థ, 2017 డిసెంబరులో విడుదల చేసిన ఫైల్స్ గో అనే ప్రోగ్రాములో ఇటువంటివాటిని గుర్తించి తొలగించే సదుపాయాన్ని చేర్చింది. ఫోనులోని చిత్రాలను కంప్యూటరుకు ఎక్కించేముందే వీటిని ఏరివేస్తే డిస్కుకు బరువు తగ్గుతుంది. పంపినవారి ఆప్యాయత ఆ ఉదయమే అందింది గనుక ఇందులో అపరాధమేమీ లేదు.

అద్దం వేరు, భోషాణం వేరు

వన్‌డ్రైవ్, ఐక్లౌడ్ వంటి సేవలలో ఛాయాచిత్రాలు ఉన్నాయన్న ధైర్యంతో కంప్యూటరులోనివి తొలగించేవారు ఉన్నారు. ఈ సేవలు చాలావరకు అద్దం వంటివి. కంప్యూటరులో ఏమి ఉంటే అక్కడా అదే ఉంటుంది. ఇక్కడ తొలగిస్తే అక్కడా తొలగిపోతుంది. ఐక్లౌడ్‌లో తొలగించిన చిత్రాలు, వన్‌డ్రైవ్ సొంత ఖాతాలో తొలగించిన ఫైళ్ళు 30 రోజుల వరకు వాటి బుట్టలో ఉండి, తరువాత శాశ్వతంగా పోతాయి. డిస్కులో చోటు మాత్రమే కావాలనుకొంటే, తొలగించడానికి బదులు, ఫైలును అక్కడే ఉంచి ఇక్కడి ప్రతిని మాత్రం వదిలించుకొనే సదుపాయాన్ని వాడాలి.

నకలు ఉన్నదని నమ్మడం వేరు, ఉన్నదని చూసుకొనడం వేరు. 1998లో పిక్సార్ సంస్థ టాయ్ స్టోరీ 2 అనే చలనచిత్రాన్ని తయారుచేస్తుండగా, పొరపాటున ఇచ్చిన ఒక ఆజ్ఞ వల్ల చిత్రానికి సంబంధించిన ఫైళ్ళలో అధికభాగం చెరిగిపోయాయి. నకళ్ళు తీసే ఏర్పాటు ఉన్నది గదా అని చూడగా, అది కొంతకాలంగా సరిగా పనిచేయడం లేదని అప్పుడే తెలిసింది. ఆ చిత్రానికి పనిచేస్తున్న గాలిన్ సుస్మన్ అనే ఆమె బిడ్డను ప్రసవించిన కారణంగా ఇంటి నుండి పని చేస్తూ, తన ఇంటి కంప్యూటరులో చిత్రం ప్రతిని ఉంచుకొన్నారు. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి కారులో కార్యాలయానికి తెచ్చారు. వేరొక ఇంట్లో ఉన్న ఒక్క ప్రతి ఎందరి శ్రమనో కాపాడింది.

అమెరికన్ ఛాయాగ్రాహకుడు పీటర్ క్రో ప్రచారం చేసిన మూడు-రెండు-ఒకటి అనే సూత్రం ఇక్కడ అనుసరణీయం. అపురూపమైన ప్రతిదానికీ మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు రకాల సాధనాలపై ఉండాలి. ఒకటి వేరొక చోట ఉండాలి. ప్రవాస కుటుంబాలకు ఆ మూడవ షరతు సులభమైనది. సెలవులకు స్వదేశం వెళ్ళినప్పుడు ఒక చిన్న డిస్కును నకలు చేసి అన్నగారింటనో, పిన్నిగారింటనో ఉంచి, తరువాతి ప్రయాణంలో కొత్తదానితో మార్చుకోవచ్చు. తాళపత్ర గ్రంథాలు నిలిచినది కూడా ఒకే ఆకు శాశ్వతంగా ఉండడం వల్ల కాదు. ఆకు శిథిలం కాకముందే మరొకరు కొత్త ఆకుపై వ్రాసి పెట్టడం వల్ల.

పనిలో క్రమం

పైని విషయాలన్నిటినీ ఒక వరుసలో పెడితే పని సులువవుతుంది. మొదట ఎక్కడి నుండీ రానివాటికి నకలు తీసి, ఆ నకలులో రెండు మూడు ఫైళ్ళు తెరిచి చూడాలి. రెండవది, స్టోరేజ్ విభాగంలో తాత్కాలిక ఫైళ్ళను తొలగించాలి. మూడవది, వాడని ప్రోగ్రాములను అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. నాలుగవది, అచ్చమైన నకళ్ళను ఏరివేయాలి. ఐదవది, పెద్ద వీడియోలను బయటి డిస్కులోకి మార్చి, అక్కడ రెండు ప్రతులు ఉన్నాయని నిశ్చయించుకొన్న తరువాతనే ఇక్కడివి తొలగించాలి. అన్నిటికీ చివర బుట్టను ఖాళీ చేయాలి. డిస్కులో పదింట ఒకటి రెండు వంతులు ఖాళీగా ఉంటే కంప్యూటరు తన పనులు సజావుగా చేసుకొంటుంది. అంతకు మించి ఖాళీ చేసినందువల్ల వేగం పెరగదు గనుక, అందుకోసం జ్ఞాపకాలను బలి ఇవ్వనక్కరలేదు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగియడంతో అనేక ఇళ్ళలో పాత కంప్యూటర్లను మార్చవలసి వచ్చింది. వాటిని దానమిచ్చేముందు, అమ్మేముందు చేయవలసిన పని తారుమారు అవుతుంది. అప్పుడు కావలసినది చోటు కాదు, సంపూర్ణమైన చెరిపివేత. కావలసినవన్నీ కొత్తదానికి చేరినవని చూసుకొని, విండోస్‌లోని రీసెట్ సదుపాయంలో అన్నిటినీ తొలగించి డిస్కును శుభ్రం చేయమన్న ఎంపికను వాడాలి. ఫైళ్ళను బుట్టలో పడవేసి ఇచ్చివేస్తే, పన్నుపత్రాలను అరలోనే ఉంచి సూచిక చీటీలు మాత్రం చింపివేసినట్లు అవుతుంది.

ఏడాదికి ఒక రోజు ఈ పనికి కేటాయించి, కుటుంబమంతా కలసి కూర్చుంటే మరింత బాగుంటుంది. ఏ చిత్రంలో ఉన్నది ఎవరో, ఏ గొంతు ఎవరిదో పిల్లలకు తెలియదు. పెద్దలు చెబుతుండగా ఫైలు పేరులో ఆ మనిషి పేరు, ఊరు, సంవత్సరం చేర్చి ఉంచితే, ముందుతరం దానిని పేరు తెలియని పాత సామానుగా భావించి మంటలో వేయకుండా ఉంటుంది.